లె మాన్ ఫెరారీకి, డ్రైవర్ల టైటిల్ పోర్షేకి, కంపెనీ టైటిల్ టొయోటాకి: 2024 సీజన్ లెక్క ఎలా తేలిందంటే

తమ్ముడూ, నీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది, ఇది మనవాళ్ళలో అడిగేవాళ్ళే తక్కువ. ముందు నువ్వేం అడిగావో ఒకసారి చెప్పేస్తా, మిగతావాళ్ళకి కూడా అర్థం అవ్వాలి కదా. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు చూశావు, అక్కడ గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ ప్యూజో స్పోర్ట్స్ కారు కూడా నడుపుతాడని తెలిసి వరల్డ్ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ (గంటల తరబడి నడిచే కార్ రేసుల సిరీస్) వైపు వచ్చావు, 2024 సీజన్ హైలైట్స్ అన్నీ కూర్చుని చూశావు. చూశాక నీకొచ్చిన డౌటు: లె మాన్ 24 గంటల రేసు గెలిచింది ఫెరారీ, మూడు రేసులు గెలిచింది టొయోటా, మరి డ్రైవర్ల ఛాంపియన్‌షిప్ పోర్షే 6 నంబర్ కారు వాళ్ళకి ఎలా వెళ్ళింది, అదీ అంత ఈజీగా?

నేను ఈ ఛాంపియన్‌షిప్‌ని 2012లో మొదలైన మొదటి సీజన్ నుంచీ చూస్తున్నా. డల్లాస్‌లో ఉంటా, వీకెండ్స్‌లో ఇక్కడి అమెచ్యూర్ ఎండ్యూరెన్స్ రేసుల్లో ఒక చిన్న టీముకి ఫ్యూయెల్ లెక్కలు, పిట్ టైమింగ్ చూస్తుంటా. కాబట్టి కొంచెం వివరంగానే చెప్తా, ఓపిగ్గా చదువు.

హైలైట్స్‌లో గెలిచిన కారే కనిపిస్తుంది, కానీ ఈ ఛాంపియన్‌షిప్ తేలేది గెలవని రేసుల్లో. 6 నంబర్ కారు, అంటే దాన్ని వంతులవారీగా నడిపిన కెవిన్ ఎస్ట్రె, ఆండ్రె లాటరర్, లారెన్స్ వాంథూర్, 8 రేసుల్లో గెలిచింది రెండే, ఖతార్, ఫుజి. మిగతావాటిలో వచ్చిన స్థానాలు చూడు: ఇమోలా రెండు, స్పా రెండు, లె మాన్ నాలుగు, సావో పాలో రెండు, ఆస్టిన్ ఆరు, బహ్రెయిన్ పది. ఎనిమిదింటికి ఎనిమిది రేసుల్లోనూ పాయింట్లు తెచ్చుకున్నారు, ఒక్క సున్నా లేదు. పాయింట్ల పద్ధతి కూడా తెలియాలి, 6 గంటల రేసు గెలిస్తే 25, 8 గంటలూ 10 గంటల రేసులకి 38, లె మాన్‌కి డబుల్ అంటే 50, పోల్ కొడితే, అంటే క్వాలిఫైయింగ్‌లో అందరికన్నా వేగంగా తిప్పి ముందు వరసలో మొదటి స్థానం తెచ్చుకుంటే, ఇంకో పాయింటు. ఇప్పుడు కూడుకో: 38, 18, 18, లె మాన్ నాలుగో స్థానానికి 24, అక్కడ ఎస్ట్రె కొట్టిన పోల్‌కి 1, తర్వాత 18, 8, 25, 2. మొత్తం 152. రెండో స్థానంలో వచ్చిన ఫెరారీ 50 నంబర్ వాళ్ళకి 115, అందులో 50 ఒక్క లె మాన్‌వే, అంటే మిగతా ఏడు రేసులూ కలిపి 65. నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం ఆ పాయింట్లు ఎలా వచ్చాయి అన్నది, అసలు రుచి అక్కడుంది.

మొదటి రేసు మార్చి 2న ఖతార్‌లో, లుసైల్ ట్రాక్ మీద, 1812 కిలోమీటర్లు. ఆ అంకె ఎందుకంటే వాళ్ళ నేషనల్ డే డిసెంబర్ 18, దాన్నే అలా పెట్టుకున్నారు. 6 నంబర్ పోర్షే గెలిచింది సరే, నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది మాత్రం మీ వెర్న్ వాళ్ళ 93 నంబర్ ప్యూజో. దాదాపు పది గంటలు తప్పు చేయకుండా నడిపి రెండో స్థానంలో ఉన్నారు, ఇక అయిపోవచ్చింది అనగా ఆఖరి ల్యాపుల్లో ఫ్యూయెల్ అందక కారు ఆగిపోయింది. రెండో స్థానం పోయింది, చివరికి రిజల్ట్‌లోనే లేకుండా పోయారు. చేతికి అందింది నోటికి అందకపోవడం అంటే అదే.

ఇది నాకు ఎంత బాధేసిందో చెప్పలేను, ఎందుకంటే సరిగ్గా ఇదే తప్పు నేను చేశా. మా టీము కారు, 8 గంటల రేసు, ఇంకో 11 నిమిషాలుంది, నా నోట్‌బుక్‌లో లెక్క ప్రకారం రెండు లీటర్లు మిగలాలి. అంతకు ముందు సేఫ్టీ కార్ కింద (అందరూ దాని వెనక నెమ్మదిగా) నడిచిన ల్యాపులు ఎక్కువ ఆదా అయినట్టు రాసుకున్నా, నిజానికి అంత ఆదా అవ్వలేదు. రేడియోలో మా డ్రైవర్ "ఇంజిన్ దగ్గుతోంది అన్నా" అన్నాడు, తర్వాత ఇంకో మాట లేదు. నేను పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయా, మా మెకానిక్కులు నలుగురూ నావైపు చూస్తున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను మార్జిన్ లేకుండా ఒక్క స్టింట్ (రెండు పిట్ స్టాప్‌ల మధ్య నడిచే భాగం) కూడా ప్లాన్ చెయ్యను. అందుకే వరల్డ్ లెవెల్‌లో ఒక కారు సీజన్ మొత్తం తడబడకుండా నడిచిందంటే దాని వెనకాల ఎంత మంది ఎన్ని రాత్రులు కూర్చుని ఉంటారో నాకు తెలుసు.

రెండోది ఇమోలా, ఏప్రిల్ 21. ఫెరారీకి సొంత ఊరు లాంటిది, స్టాండ్స్ మొత్తం ఎరుపే. పోల్ ఫెరారీది, రేసు మొదట్లో మూడు ఫెరారీలు ఒకటి రెండు మూడు స్థానాల్లో నడిచాయి, ఎవరు చూసినా ఇక వాళ్ళదే అనుకున్నారు. తర్వాత వాన మొదలైంది. ట్రాక్‌లో ఒకవైపు తడి ఒకవైపు పొడి, ఇప్పుడు వెట్ టైర్లు వెయ్యాలా, స్లిక్స్ (పొడి ట్రాక్ టైర్లు) మీదే ఇంకో ల్యాప్ ఆగాలా అన్నది ప్రశ్న. టొయోటా, పోర్షే టైముకి లోపలికి పిలిచాయి, ఫెరారీ వాళ్ళు కొన్ని ల్యాపులు ఎక్కువ ఆగారు, అంతే, చేతిలో ఉన్న రేసు జారిపోయింది. ఎండ్యూరెన్స్‌లో 6 గంటలు ఉన్నాయి కదా మళ్ళీ అందుకోవచ్చు అనిపిస్తుంది గానీ తడి రోడ్డు మీద స్లిక్స్‌తో ఒక్క ల్యాప్ నడిస్తేనే పోయే టైము తర్వాత గంటసేపు కష్టపడ్డా రాదు. ఆఖర్లో టొయోటా 7 నంబర్‌లో కోబయాషి ముందు, వెనకాల 6 నంబర్‌లో ఎస్ట్రె, కోబయాషికి ఫ్యూయెల్ టైటు, ఒకవైపు ఆదా చెయ్యాలి ఇంకోవైపు ఎస్ట్రెని ఆపాలి. సుమారు 7 సెకన్ల తేడాతో టొయోటా గెలిచింది. ఎస్ట్రె అక్కడ గెలవలేదు, కానీ 18 పాయింట్లు ఇంటికి తెచ్చాడు, ఫెరారీల్లో ముందొచ్చింది నాలుగో స్థానం. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఆ ఏడాది ఫెరారీ ఇంట ఓడి రచ్చ గెలిచింది.

స్పా గురించి జనం ఇప్పటికీ వాదించుకుంటారు. కెమెల్ స్ట్రెయిట్ మీద ఎర్ల్ బాంబర్ కాడిలాక్, ఒక బీఎండబ్ల్యూ జీటీ3 కారు (రోడ్డు కార్ల నుంచి చేసిన, కాస్త నెమ్మది క్లాసు) తగులుకుని పెద్ద యాక్సిడెంట్ అయింది, దేవుడి దయ వల్ల ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు, కానీ పక్కన బ్యారియర్ మొత్తం చితికిపోయింది. రెడ్ ఫ్లాగ్, అంటే రేసు ఆపేశారు. బాగు చెయ్యడానికి దాదాపు రెండు గంటలు పట్టింది, అప్పటికి రేసుకి పెట్టిన టైమే అయిపోయింది, అయినా నిర్వాహకులు మిగిలిన సుమారు గంటా ముప్పావు రేసు నడిపించి తీరాలని నిర్ణయించారు. రెడ్ ఫ్లాగ్‌కి కాస్త ముందే పిట్ చేసిన వాళ్ళు జోటా టీము 12 నంబర్ పోర్షే, మన 6 నంబర్. ముందున్న ఫెరారీలు ఇంకా పిట్ చెయ్యలేదు. కాబట్టి రేసు మళ్ళీ మొదలయ్యాక ఆ రెండు పోర్షేలూ ముందుకొచ్చేశాయి. జోటా గెలిచింది, కంపెనీ టీము కాకుండా కారు కొనుక్కుని నడిపే ప్రైవేటు టీము హైపర్‌కార్ క్లాసులో, అంటే అన్నిటికన్నా వేగమైన పై క్లాసులో, మొదటిసారి గెలిచింది. ఆ కారులో ఆ రోజు ఇద్దరే డ్రైవర్లు, కాలమ్ ఐలట్, విల్ స్టీవెన్స్, మూడోవాడు నార్మన్ నాటో అదే రోజుల్లో బెర్లిన్‌లో ఫార్ములా ఈ రేసులో ఉన్నాడు. అటు మన మహీంద్రా టీము డ్రైవర్ నిక్ డి వ్రీస్ బెర్లిన్ వదిలి స్పాకి వచ్చాడు, మహీంద్రా కారులో వేరే డ్రైవర్ కూర్చున్నాడు. నువ్వు ఫార్ములా ఈ వైపు నుంచి వచ్చావు కాబట్టి ఇది చెప్తున్నా, ఈ రెండు లోకాలూ నువ్వనుకున్నదాని కన్నా దగ్గర.

ఫెరారీకి స్పాలో అన్యాయం జరిగిందా అంటే, నా ఉద్దేశం, లేదు. రేసు మధ్యలో ఆగిపోతే సగం మందికి లాభం సగం మందికి నష్టం ఎలాగూ తప్పదు. టికెట్ కొనుక్కుని వచ్చిన వాళ్ళకి పూర్తి 6 గంటలు చూపించాలనుకోవడం సరైన నిర్ణయం.

ఇక లె మాన్. 62 కార్లు, అందులో 23 హైపర్‌కార్లు. ఎస్ట్రె హైపర్‌పోల్‌లో (పోల్ తేల్చే ఆఖరి క్వాలిఫైయింగ్) 3 నిమిషాల 24.634 సెకన్లు తిప్పి 6 నంబర్‌ని పోల్ మీద పెట్టాడు, ఆ ల్యాప్ ఆన్‌బోర్డ్ వీడియో దొరికితే చూడు, పోర్షే కర్వ్స్‌లో కారు అంచు గోడకి ఎంత దగ్గరగా వెళ్తుందో. టొయోటా 7కి మాత్రం వారమంతా కష్టాలే: మైక్ కాన్వే సైకిల్ మీంచి పడి దెబ్బలు తగిలి రేసుకి రాలేదు, అతని బదులు లోపెజ్ వచ్చాడు, క్వాలిఫైయింగ్‌లో కోబయాషి గ్రావెల్‌లో ఆగి రెడ్ ఫ్లాగ్ తెప్పించినందుకు టైములు కొట్టేశారు, దాంతో 23వ స్థానం నుంచి స్టార్ట్. రాత్రి వానకి సేఫ్టీ కార్ గంటల తరబడి నడిచింది, నేను ఇక్కడ డల్లాస్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుని చూస్తున్నా, మా ఆవిడ వచ్చి కార్లన్నీ లైన్లో నెమ్మదిగా పోతుంటే దీన్ని కూడా చూస్తారా అని అడిగింది. చూస్తాం, ఎందుకంటే ఆ టైములోనే టీములు వచ్చే పన్నెండు గంటల లెక్కలు వేసుకుంటాయి.

ఆదివారం మధ్యాహ్నం 50 నంబర్ ఫెరారీ లీడ్‌లో ఉంది, ఉన్నట్టుండి కుడివైపు డోర్ సరిగ్గా పడక గాలికి ఊగుతోంది. అలా నడవనివ్వరు, లోపలికి వచ్చి సరిచేసుకోమని ఆర్డర్ వచ్చింది. పిట్‌కి వచ్చి డోర్ వేసుకున్నారు, కానీ ప్లాన్ ప్రకారం రావాల్సిన టైము కన్నా ముందే వచ్చేశారు. ఈ కార్లకి ఒక స్టింట్‌కి ఇంత ఎనర్జీ అని లెక్క ఉంటుంది, చక్రాల దగ్గర సెన్సర్లు కొలుస్తాయి, అది అయిపోతే ఆగాల్సిందే. ఇప్పుడు నిక్లాస్ నీల్సన్ ఆఖరి స్టింట్‌ని సాగదీసుకుంటూ వెళ్ళాలి, వెనకాల టొయోటా తరుముతోంది, ట్రాక్ తడిగా ఉండబట్టి ఎవరూ ఫుల్ స్పీడ్‌లో లేరు, అదే అతన్ని కాపాడింది. గీత దాటేసరికి ట్యాంకులో లెక్క 2 శాతం. తేడా 14.221 సెకన్లు, 24 గంటల తర్వాత. చివరి గంటల్లో లోపెజ్ ఒకసారి స్పిన్ అయ్యాడు, ఆ ఒక్క స్పిన్ లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ అనుకుంటుంటా. తొమ్మిది కార్లు లీడర్ ల్యాప్‌లోనే రేసు ముగించాయి, లె మాన్‌లో అలాంటిది అంతకు ముందు లేదు.

6 నంబర్ నాలుగో స్థానం. పోడియం లేదు, హైలైట్స్‌లో నీకు కనపడి కూడా ఉండదు. కానీ పోల్‌తో కలిపి 25 పాయింట్లు, అంటే ఒక 6 గంటల రేసు గెలిచినట్టే.

సావో పాలో గురించి పెద్దగా చెప్పను, 2014 తర్వాత మళ్ళీ ఇంటర్లాగోస్‌కి వెళ్ళారు, టొయోటా 7కి ఫ్యూయెల్ సిస్టమ్ ఇబ్బంది వచ్చి నాలుగో స్థానానికి పడింది, 8 నంబర్ టొయోటా గెలిచింది, 6 నంబర్ పోర్షే మళ్ళీ రెండు.

సెప్టెంబర్ 1, ఆస్టిన్. ఇది నేను స్వయంగా చూసిన రేసు కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతా. డల్లాస్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి నాలుగు కుటుంబాలు రెండు బళ్ళలో వెళ్ళాం, పులిహోర డబ్బాలు, మంచినీళ్ళ కేసులు, గొడుగులు. మొదటి మలుపు దగ్గర ట్రాక్ గోడ ఎక్కినట్టు పైకి లేస్తుంది, కింద నుంచి చూస్తే కార్లు ఆకాశంలోకి వెళ్ళి అక్కడ తిరుగుతున్నట్టుంటుంది. కాడిలాక్ 5.5 లీటర్ల వీ8, టర్బో లేదు, అది కొండ ఎక్కేటప్పుడు ఆ మోత చెవికి కాదు ముందు ఛాతీకి తగులుతుంది, మా స్నేహితుడి కొడుకు ఆరేళ్ళవాడు రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని నిలబడ్డాడు. మలుపు పైన చూడాల్సింది హైపర్‌కార్ జీటీ3 కార్లని దాటే పద్ధతి. ప్రతి ల్యాప్‌లో ఎవరో ఒకరు అడ్డం వస్తారు, లోపలి వైపు దూరాలా, ఆగి బయటికొచ్చాక దాటాలా అని అర సెకనులో నిర్ణయం. అక్కడ నిలబడి రెండు గంటలు గమనించా, ఎస్ట్రె, వాంథూర్ ఇద్దరూ జీటీ కార్లు చూసి ముందే లైన్ మార్చుకునేవాళ్ళు. వాళ్ళు అక్కడి నుంచి వచ్చినవాళ్ళే, 2018 లె మాన్‌లో ఆ గులాబీ రంగు పోర్షే 911తో క్లాస్ గెలిచినవాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు. జీటీ డ్రైవర్ అద్దంలో ఏం చూస్తాడో, ఎప్పుడు భయపడతాడో వాళ్ళకి తెలుసు. నా లెక్కలో ఛాంపియన్‌షిప్‌లో పెద్ద భాగం అదే, ఎనిమిది రేసుల్లో వేల సార్లు ట్రాఫిక్ దాటి కారు ముక్కు పోగొట్టుకోకపోవడం.

ఆ రేసు చివర చూశావా? 83 నంబర్ పసుపు ఫెరారీ, అది కూడా ప్రైవేటు ఎంట్రీనే, కుబిట్సా, ష్వార్ట్జ్‌మన్, యె యిఫెయ్. టొయోటా 7లో కోబయాషి ఎల్లో ఫ్లాగ్ దగ్గర స్పీడు తగ్గించలేదని డ్రైవ్ త్రూ పెనాల్టీ వేశారు. పిట్ లేన్‌లో నెమ్మదిగా వెళ్ళి బయటికొచ్చాక ఒక్కో ల్యాప్‌కి తేడా తగ్గించుకుంటూ వచ్చాడు, మేమంతా ఫోన్లో టైమింగ్ స్క్రీన్ పెట్టుకుని అంకెలు చదువుతున్నాం, పిల్లలు కూడా లెక్క పెడుతున్నారు. 1.780 సెకన్ల తేడాతో ఫెరారీ గెలిచింది. మన 6 నంబర్ ఆరు, 8 పాయింట్లు. ఆ రోజు వాళ్ళ దగ్గర స్పీడ్ లేదు, లేనప్పుడు ఉన్నదాంట్లో ఎంత వస్తే అంత తీసుకుని వెళ్ళిపోయారు.

రెండు వారాలకే ఫుజి, టొయోటా ఇంటి ట్రాక్. 7 నంబర్, 5 నంబర్ పోర్షే తగులుకుని టొయోటా 7 రేసు అక్కడితో సరి, 8 నంబర్‌కి పెనాల్టీ, పదో స్థానం. 6 నంబర్ గెలిచింది, బీఎండబ్ల్యూ రెండు, ఆల్పీన్ మూడు, ఆ ఏడాదే ఈ ఛాంపియన్‌షిప్‌కి వచ్చిన ఆ రెండు కార్లకీ ఇక్కడ అదే మొదటి పోడియం. అక్కడితో 6 నంబర్‌కి 150 అయ్యాయి, వెనకున్న ఫెరారీ 50 మీద 35 ఆధిక్యం, బహ్రెయిన్‌లో గరిష్ఠంగా వచ్చేది 39.

అందుకే బహ్రెయిన్‌లో వాళ్ళు పదో స్థానంలో వచ్చి కూడా ఛాంపియన్లయ్యారు. ఫెరారీ 50కి అక్కడ పాయింట్లే రాలేదు, టొయోటా 7 ఫ్యూయెల్ పంప్ సమస్యతో ఆగిపోయింది, వాళ్ళకి చివరి రెండు రేసుల్లో సున్నా, 113 దగ్గరే ఉండిపోయారు.

మరి టొయోటాకి కంపెనీ టైటిల్ ఎలా వచ్చిందంటే, దాని లెక్క వేరు. జోటా లాంటి కస్టమర్ టీములు అందులోకి రావు, కంపెనీ కార్లలో ముందొచ్చిన ఒక్క కారు పాయింట్లే తీసుకుంటారు. అంటే రెండు కార్లలో ఏదో ఒకటి బాగా ఆడితే చాలు, ఒకరోజు 7, ఒకరోజు 8. బహ్రెయిన్‌కి వెళ్ళేసరికి పోర్షే 10 పాయింట్లు ముందుంది. 7 నంబర్ ఆగిపోయాక బరువంతా 8 మీద పడింది, బుయెమి, హార్ట్‌లీ, హిరకావా వెనకబడ్డ రేసుని మళ్ళీ చేతిలోకి తెచ్చుకుని గెలిచారు, 190కి 188, రెండు పాయింట్ల తేడా. ఒకే సీజన్‌లో ఒక టైటిల్ 37 పాయింట్లతో, ఇంకోటి రెండు పాయింట్లతో తేలడం అందుకే.

టొయోటా పోటీ లేక గెలిచిందని నువ్వు రాసిన మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ ఏడాది పూర్తి సీజన్‌కి 19 హైపర్‌కార్లు, 9 కంపెనీలు. వాటిలో ఇసోటా ఫ్రాస్కీని సావో పాలో తర్వాత తప్పుకుంది, అయినా ఎనిమిది కంపెనీల మధ్య చివరి రోజు దాకా నడిచిన పోరు అది.

ఇంకోటి అడిగావు, మనవాళ్ళు ఎవరైనా నడిపారా అని. 2012లో కరుణ్ చందోక్ జేఆర్ఎం టీముతో లె మాన్ రేసులో దిగాడు, ఆ రేసు నడిపిన మొదటి భారతీయుడు అతనే, ఓవరాల్‌గా ఆరో స్థానం, చిన్న టీముకి అది చాలా పెద్ద రిజల్ట్. అదే ఏడాది మొదటి వరల్డ్ టైటిల్ గెలిచిన ఆడి డ్రైవర్లలో ఒకడు ఆండ్రె లాటరర్. పన్నెండేళ్ళ తర్వాత ఇదిగో ఈ 6 నంబర్ కారులో మళ్ళీ గెలిచాడు, పోర్షే హైపర్‌కార్ టీములో అదే అతని ఆఖరి సీజన్.

పూర్తి రేసు ఏది చూడాలి అంటే మొదట ఇమోలా చూడు, వాన మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా, కానీ లీడర్ని కాకుండా 6 నంబర్‌నే ఫాలో అవ్వు, ఎప్పుడు పిట్‌కి వచ్చింది, ఎంతసేపు ఆగింది, ట్రాఫిక్‌లో ఎక్కడ ఆగింది ఎక్కడ దూరింది అని ఒక కాగితం మీద రాసుకో. రాసుకున్నది ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.